పదకొండు కొక్కేలు

"స్టాంపు నీ సంచిలోనే ఉంది కదమ్మా," అంది కొరిన్. మూడు రోజుల్లో ఆ మాట ఎన్నోసారో నేను లెక్కపెట్టడం మానేశాను.

"ఉంది."

"కాగితం ఇదిగో. టేబుల్ ఉంది, నువ్వున్నావు. ఇంకేం కావాలి?"

"కెండ్రా కావాలి. బళ్ళో, తన కాళ్ళ మీద నడుస్తూ."

"అది నడవనంటోంది. అది నడవకపోతే నువ్వు కొట్టనంటున్నావు. గురువారం విమానం. మీ ఇద్దరి మధ్యా పడి నేనేం కావాలి?"

కెండ్రా నా ఎదురుగానే కూర్చుని రొట్టె అంచులు తుంచి పళ్ళెం చుట్టూ పేరుస్తోంది. మేం మాట్లాడుకుంటున్నది తన గురించి కానట్టే ఉంది దాని వాలకం. దానికి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి.

అమెరికన్ సైన్యంలో ఉన్న మా అల్లుడు డ్వేన్‌కి జర్మనీ నుంచి కెంటకీకి బదిలీ అయింది. కంటోన్మెంటులో వాళ్ళ క్వార్టర్ ఖాళీ చేసి, సామాను ఓడకి పంపి, ఈ ఆఖరి వారం ఊళ్ళో మా ఇంట్లో ఉంటున్నారు. సైనిక కుటుంబం ఊరు వదలాలంటే క్లియరెన్స్ కాగితం నిండాలి. పళ్ళ డాక్టరు, తపాలా గది, గృహాల ఆఫీసు, గ్రంథాలయం, ఇలా పద్నాలుగు చోట్ల సంతకాలు. డ్వేన్ పదమూడు పూర్తి చేశాడు. మిగిలిన గడి కెండ్రా చదివే సైనికుల పిల్లల బడిది. ఆ గడిలో పడే స్టాంపు నాది. ఇరవై మూడేళ్ళుగా ఆ బడి ఆఫీసులో గుమాస్తాని నేను.

"రోజీ, డూబోస్ వాళ్ళకి మీరు బస్సు బానెట్ మీదే కొట్టిచ్చారు. నేను చూశాను," అన్నాడు డ్వేన్ కాఫీలో చక్కెర కలుపుకుంటూ. "ఒకటి కాదు, పదకొండు కొట్టారు. సొంత మనిషినని నాకొక్కడికేనా ఈ మర్యాద?"

"అందుకే కొట్టను," అన్నాను.

"అందుకే అంటే ఎందుకు?"

నా భర్త ఆరిన్ పత్రిక వెనకనుంచి నవ్వాడు. "దానితో వాదించకోయ్. పెళ్ళికి ముందు నా కాగితాలు మూడుసార్లు చూసింది. నాలుగోసారి చూసుంటే చేసుకునేది కాదు." పత్రిక దించి మనవరాలి వైపు తిరిగాడు. "కెండ్రా, పాలు తాగు."

కెండ్రా పలకలేదు. గోడ గడియారం మూడుసార్లు టిక్కుమంది. అప్పుడు తలెత్తి, "తాగుతున్నా, తాతా," అంది.

ఆ మూడు టిక్కులూ నేనొక్కదాన్నే విన్నాను.

*

చలికాలం మొదట్లో మా హెడ్మిస్ట్రెస్ మిసెస్ వాండివర్ నాకొక పని అప్పగించింది. జూన్‌లో బడి శాశ్వతంగా మూసేస్తున్నారు కనక వీడ్కోలు సభలో పంచడానికి బడి చరిత్ర రెండు పేజీలు రాయమంది. "ఇక్కడ మూడేళ్ళకి మించి ఉన్నది నువ్వూ, కప్ఫరూ తప్ప ఎవరున్నారు?" అంది. నిజమే. మా దగ్గర పిల్లలు రెండేళ్ళుంటారు, టీచర్లు మూడేళ్ళు, హెడ్మిస్ట్రెస్‌లు నాలుగు. అందరూ వచ్చేవాళ్ళే, అందరూ పోయేవాళ్ళే. ఉండిపోయేది మేం, జర్మన్ ఉద్యోగులం. ఆఫీసులో నేను, బాయిలరూ ఊడుపూ చూసుకునే హెర్ కప్ఫర్.

బడి పుట్టింది 1947 అక్టోబరులో, కంటోన్మెంటు పక్కనున్న పాత గుర్రాల సాలలో. పద్నాలుగు మంది పిల్లలు, సైనికుల భోజనశాల నుంచి తెచ్చిన బల్లలు, ఒక బొగ్గు పొయ్యి, మిస్ యూనిస్ ప్రాథర్ అనే ఒకే ఒక టీచరు. అప్పటికి నాకు ఆరేళ్ళు. మా ఊళ్ళో సగం ఇళ్ళకి పైకప్పుల్లేవు. ఆ సాల కిటికీ దగ్గర నిలబడి లోపలి పిల్లలు నారింజపళ్ళు వలుచుకోవడం చూసేదాన్ని. అది మాత్రం చరిత్రలో రాయలేదు.

తరవాత ఇప్పుడున్న మేడ కట్టారు. అరవైల్లో ఆరువందల మంది పిల్లలుండేవారు, భోజనాలు మూడు విడతలు. రెండు జర్మనీల మధ్య సరిహద్దు కంచె తీసేశాక దళాలు ఒక్కొక్కటే తిరుగుముఖం పట్టాయి. ఈ జనవరికి నూట ఇరవై మంది మిగిలారు. ఫిబ్రవరి ఆఖరి వారానికి యాభై ముగ్గురు.

మా బడికి మొదటినుంచీ ఒక పద్ధతుంది. చేరిన రోజున ప్రతి బిడ్డా తన పేరు తనే అట్టముక్క మీద రాసి, నడవాలో తన కోటు తగిలించే కొక్కేనికి కట్టాలి. వెళ్ళిపోయే రోజున క్లియరెన్స్ కాగితం పట్టుకుని గది గదికీ వెళ్ళి, పెద్దవాళ్ళందరికీ తనే నోటితో చెప్పాలి, నేను వెళ్ళిపోతున్నానని. వాళ్ళు వెళ్ళమనాలి. చివర్న ఆ అట్టముక్క తన చేత్తో విప్పి నా చేతిలో పెట్టాలి. అప్పుడు నేను స్టాంపు కొడతాను. ఇరవై మూడేళ్ళలో కొన్ని వేల మందిని అలా పంపాను. అదొక మర్యాద అనుకున్నాను. గ్రంథాలయం పుస్తకాలు వెనక్కి రాబట్టే ఉపాయం కూడా అనుకున్నాను.

ఫిబ్రవరి ఆఖరి శనివారం ఫిరంగి దళంలో మిగిలిన కుటుంబాలన్నీ ఒకే బస్సులో వెళ్ళాయి. ఆజ్ఞలు శుక్రవారం సాయంత్రం వచ్చాయి. పదకొండు మంది పిల్లలు. బడికి సెలవు. తండ్రులు మా ఇంటికి ఫోన్ చేస్తే కోటు వేసుకుని స్టాంపు పట్టుకుని వెళ్ళాను. చలికి సిరా గడ్డకడుతుంటే ఊపిరితో వెచ్చబెట్టి, బస్సు ముందు రేకు మీద పదకొండు కాగితాలకీ కొట్టాను. పిల్లలు అప్పటికే లోపల కూర్చున్నారు. అద్దాలకి ఆవిరి పట్టి ఒక్క మొహమూ కనిపించలేదు.

డెబ్బైల్లో బాంబుల భయం ఉన్నప్పటినుంచీ సాయంత్రం బస్సులెక్కే ముందు పిల్లల్ని ఆవరణలో వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టడం మాకు అలవాటు. ఇటునుంచి నేను, అటునుంచి కప్ఫర్. ఇద్దరి అంకె ఒకటైతేనే బస్సు తలుపులు తెరుస్తారు.

ఆ సోమవారం నలభై ఇద్దరుండాలి.

"ఎంతొచ్చింది, ఫ్రౌ టాకెట్?" అన్నాడు కప్ఫర్.

"మీకెంత?"

"ముందు నేనడిగాను."

"యాభై మూడు," అన్నాను.

ఆయన చేతిలో నొక్కితే అంకె మారే చిన్న యంత్రం ఉంటుంది. అది నా వైపు తిప్పాడు. యాభై మూడు.

పేర్లు పిలిచాం. నలభై ఇద్దరు పలికారు. మళ్ళీ తలలు లెక్కపెట్టాం. ఒక్కొక్క తల మీద చూపు ఆనించి, తొందరపడకుండా. చూస్తున్నంతసేపూ ప్రతి బిడ్డా నాకు తెలిసిన బిడ్డే. కొత్త మొహం లేదు, రెండుసార్లు కనిపించిన మొహం లేదు. వరస చివరికొచ్చేసరికి మాత్రం యాభై మూడు. మిసెస్ వాండివర్ పుస్తకంలో నలభై రెండు అని రాసి, "మీరిద్దరూ అలిసిపోయారు," అంది. మర్నాడు తనే లెక్కపెట్టింది. లెక్కపెట్టి, నలభై రెండు అని రాసి లోపలికెళ్ళిపోయింది. ఆ తరవాత ఇంకెప్పుడూ లెక్క వేళకి ఆవరణలోకి రాలేదు.

వాన రోజుల్లో పిల్లల కోట్ల నుంచి నీరు కారి ప్రతి కొక్కెం కిందా చిన్న మడుగు కడుతుంది. మార్చి మొదటి వారమంతా వాన. వెళ్ళినవాళ్ళ పేర్లు ఇంకా కట్టే ఉన్న పదకొండు కొక్కేలకి కోట్లు లేవు. వాటి కింద కూడా మడుగులున్నాయి. కప్ఫర్ అన్నిటినీ ఒకే తీరున తుడిచేవాడు. వాటిని వదిలెయ్యలేదు, వాటి దగ్గర ఆగనూ లేదు.

చరిత్ర కోసం బీరువాలో పాత పుస్తకాలు తీసింది ఆ వారంలోనే. మిస్ ప్రాథర్ రోజువారీ రాసుకున్న నోటుపుస్తకం దొరికింది. పెన్సిలు రాత, బొగ్గు వాసన.

1948 నవంబరు 9. రస్సెల్ టీగ్ కుటుంబం తెల్లారకముందే ఓడరేవుకి వెళ్ళిపోయింది. అబ్బాయి చివరి రోజు బడికి రాలేదు. ఇక పదమూడు మంది.

నవంబరు 10. పద్నాలుగు.

నవంబరు 12. పేర్లు పిలిస్తే పదమూడు. తలలు లెక్కపెడితే పద్నాలుగు. నేను ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 16. పద్నాలుగు. టీగ్ కుటుంబం ఎక్కవలసిన ఓడ మర చెడి ఇంకా రేవులోనే ఉందని తెలిసింది. రైల్లో వెళ్తున్నాను.

నవంబరు 18. రస్సెల్‌ని ఒక్క గంట కోసం వెనక్కి తెచ్చాను. పిల్లవాడు ఆరోగ్యంగానే ఉన్నాడు. కాని పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నాడు, వాళ్ళమ్మకి అదేమిటో అర్థం కావడం లేదు. వెళ్ళిపోతున్నానని మా అందరికీ తన నోటితో చెప్పాడు. తన పేరు తను తీసుకున్నాడు. వెంటనే పలకడం మొదలుపెట్టాడు. సాయంత్రం పదమూడు.

దాని కింద గీత గీసి రాసింది: ఇకనుంచి ఏ బిడ్డనీ ఇలా చెయ్యకుండా పంపేది లేదు, జనరల్ గారి బిడ్డ అయినా సరే.

మూడు రోజుల తరవాత జార్జియా నుంచి మార్కస్ డూబోస్ తల్లి ఫోన్ చేసింది. వాడి టీకాల కాగితం కోసం. అది పంపుతానన్నాక కూడా ఫోన్ పెట్టలేదు.

"మిసెస్ టాకెట్, వాడు బళ్ళో బాగానే ఉండేవాడా?"

"బాగానే ఉండేవాడు. ఏం?"

"ఏం లేదు. తింటున్నాడు, చదువుతున్నాడు. కాని పిలిస్తే... ఈ సముద్రం దాటే ఫోన్లలో మాట కాస్త ఆగి వస్తుంది చూడండి, ఇప్పుడు మనిద్దరికీ వస్తున్నట్టు. వాడు అలా ఉన్నాడు. పక్కనే కూర్చుని కూడా. చెవుల డాక్టరుకి చూపించాను, ఏమీ లేదన్నాడు."

నేను నడవా వైపు చూశాను. ఆఫీసు తలుపు తెరిచే ఉంది. మార్కస్ కొక్కెం కింద నేల తడిగా మెరుస్తోంది. ఆవిడకి ఏం చెప్పను? పిల్లవాణ్ణి తీసుకుని సముద్రం దాటి రమ్మని చెప్పనా? వాళ్ళాయన జీతమెంతో నాకు తెలుసు. "కొత్త చోటు కదమ్మా," అన్నాను.

ఆరిన్‌కి మాత్రం అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. నలభై ఏళ్ళుగా అమెరికన్ సైన్యాన్ని చూస్తున్న మనిషి, లెక్క తప్పడం ఆయనకి వింత కాదు. "జూన్ రానీ రోజీ. కెంటకీలో మా తమ్ముడి ఇంటికి అరమైలు దూరంలో ఇల్లు. కొరిన్ వాళ్ళు అరగంట దూరం. పొద్దున్నే లేచి ఎవర్నీ లెక్కపెట్టక్కర్లేదు," అన్నాడు. ఆ ఇంటి ఫొటో వంటింటి గోడకి గుచ్చి పెట్టుకున్నది నేనే.

*

మంగళవారం సాయంత్రం బస్సులు వెళ్ళాక కెండ్రా ఆఫీసులోకి రాలేదు. నడవాలో కొక్కేల కింద పొట్టి బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. తన కొక్కేనికి పక్కది మిషెల్ ఒరోస్కోది. టెక్సస్ వెళ్ళిపోయిన పదకొండు మందిలో ఒకతె. వీళ్ళిద్దరూ రెండేళ్ళు ఒకే రకం జడ క్లిప్పులు పెట్టుకుని తిరిగారు.

పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి బల్ల.

"ఇంటికి పోదామా?"

కొంచెం ఆగి, "పోదాం, ఓమా," అంది. మా వైపు అమ్మమ్మని అలాగే అంటారు. దానికి వచ్చిన జర్మన్ ఆ ఒక్క ముక్కే.

"పేరు కార్డు తియ్యడానికి భయమా?"

"భయం కాదు. తీస్తే మిషెల్ ఒక్కతే అయిపోతుంది."

"మిషెల్ టెక్సస్‌లో ఉంది కదమ్మా. నీకు ఉత్తరం కూడా రాసింది."

"అక్కడా ఉంది." నాకు ఆ మాత్రం తెలియనందుకు జాలి దాని గొంతులో. "ఇక్కడి మిషెల్‌కి టెక్సస్ గురించి తెలీదు. నేను చెప్పినా వినదు."

"నీతో మాట్లాడుతుందా?"

"ఊహూ. గంట కొడితే లైనులోకి వస్తుంది. బస్సు వస్తే ఎక్కదు."

"ఎందుకు ఎక్కదు?"

"ఎక్కమని ఎవరూ చెప్పలేదుగా."

నడవా చివర కప్ఫర్ బకెట్టు చప్పుడు వినిపించింది. తరవాత అదీ ఆగిపోయింది.

"మార్కస్ అయితే ఇంకా పిచ్చోడు," అంది కెండ్రా. "రోజూ బంతి కోసం నిలబడతాడు. ఎవరూ వెయ్యరు. అయినా నిలబడతాడు."

"కెండ్రా, రేపు నువ్వు అందరికీ చెప్పి నీ కార్డు నువ్వు తీసుకోవాలి. అలా చెయ్యకపోతే కష్టం."

"ఏం కష్టం? నాన్న కాగితానికి నువ్వు స్టాంపు కొట్టు. అమ్మతో వెళ్ళే కెండ్రా వెళ్తుంది. విమానం ఎక్కుతుంది, కెంటకీలో కుక్కని కొనుక్కుంటుంది. ఎవరికీ ఏమీ తెలీదు." కాళ్ళు ఊపడం ఆపింది. "నేను ఇక్కడుంటాను."

దాని చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. కాని నేను నొక్కిన కాసేపటికి గాని ఆ వేళ్ళు నా వేళ్ళని తిరిగి నొక్కలేదు.

ఆ సాయంత్రం కొరిన్ నాతో మాట్లాడలేదు. పెట్టెలు సర్దుతూ ఆరిన్‌తో అంది, నాకు వినపడేలాగే. "రేపు నాలుగింటికి టిక్కెట్ల ఆఫీసు మూసేస్తారు నాన్నా. అమ్మ మొండితనానికి మేం ఇక్కడే ఉండిపోయేలా ఉన్నాం."

"ఉండరులే," అన్నాను తలుపు దగ్గరనుంచి.

*

బుధవారం పదకొండు గంటలకి కెండ్రా చేతికి కాగితమిచ్చి ముందు నడవమన్నాను. అది నడిచింది, కాని మాట్లాడదే. సంగీతం గదిలో మిస్టర్ యాన్సీ పియానో దగ్గరనుంచి లేచి, "ఏం దొరసానీ, మమ్మల్ని వదిలేస్తున్నావటగా?" అన్నాడు. కెండ్రా బూట్లు చూసుకుంటూ నిలబడింది. ఆయన నా వైపు చూశాడు. నేను వేచి ఉన్నాను. చాలాసేపటికి, "రేపు వెళ్ళిపోతున్నాను," అంది.

"వెళ్ళు మరి. తాళం తప్పకు," అన్నాడాయన.

నర్సుకి చెప్పింది. గ్రంథాలయంలో చెప్పింది. తన టీచరుకి చెప్పినప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుని, "వెళ్ళమ్మా," అంది. వంటగదిలో, ఆటల గదిలో, మిసెస్ వాండివర్ గదిలో చెప్పింది. బాయిలరు గదికి కూడా దిగింది. కప్ఫర్ టోపీ తీసి, బొగ్గు చెయ్యి పంట్లానికి తుడుచుకుని కరచాలనం చేశాడు. ఒక్కో గది దాటేకొద్దీ దాని గొంతు కొంచెం కొంచెం త్వరగా పలుకుతోంది. నేను లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. మూడు, మూడు, రెండు.

చివరికి కొక్కేల దగ్గరికి వచ్చాం. తరగతులు నడుస్తున్నాయి, నడవాలో ఎవరూ లేరు. బయట వాన లేదు, మంచి ఎండ. అయినా మిషెల్ కొక్కెం కింద నేల తడిగానే ఉంది. కెండ్రా ఆ తడి తొక్కకుండా పక్కకి జరిగి నిలబడింది, క్యూలో ముందున్నవాళ్ళ కాలు తొక్కకుండా జరిగినట్టు.

తన అట్టముక్క మీద చెయ్యి పెట్టింది. విప్పలేదు.

"ఓమా."

"ఊఁ."

"జూన్ తరవాత గంట ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టరు. బడి మూసేస్తారు."

"అప్పుడు వీళ్ళు ఎక్కడ నిలబడతారు?"

పదకొండు పేర్లు పదకొండు రకాల వంకర రాతల్లో నా ఎదురుగా వేలాడుతున్నాయి. ఒకటి ఊదారంగు క్రేయాన్‌తో, ఒకటి తలకిందులైన అక్షరంతో. వాటి స్టాంపులు నావి. ఆ చలిలో ఊపిరితో సిరా వెచ్చబెట్టుకుని మరీ కొట్టాను.

"అందుకే నేనుంటానన్నాను," అంది కెండ్రా. "ఎవరో ఒకరు ఉండాలి కదా. ఊరికే వదిలేస్తే వాళ్ళకి తెలీదు, ఎప్పటిదాకా ఉండాలో."

"నువ్వు కాదు," అన్నాను. "నీ పని కాదది."

"ఎవరిది మరి?"

అట్టముక్క మీది చెయ్యి అలాగే ఉంది. ఇంకొంచెంసేపు నేను మాట్లాడకపోతే ఆ చెయ్యి కిందికి దిగిపోతుందని నాకు తెలుసు. నా కూతురు కెంటకీకి ఒక పిల్లని తీసుకెళ్తుంది. ఆ పిల్ల తింటుంది, చదువుతుంది, పిలిస్తే ఆగి పలుకుతుంది. చెవుల డాక్టరు ఏమీ లేదంటాడు.

"నాది," అన్నాను.

"నువ్వుంటావా?"

"ఉంటాను."

"జూన్ తరవాత కూడా?"

"తరవాత కూడా."

"ఒట్టు?"

"నేను స్టాంపు కొట్టేదాన్ని కెండ్రా. నాకు ఒట్లెందుకు?"

అది విని నవ్వింది. నవ్వు ఆలస్యం కాలేదు. ముడి విప్పి అట్టముక్క నా అరచేతిలో పెట్టి, నా మొహంలోకి చూస్తూ, "నేను వెళ్ళిపోతున్నాను ఓమా," అంది.

"వెళ్ళు తల్లీ," అన్నాను.

స్టాంపు ఆఫీసు బల్ల మీద కొట్టాను, గట్టిగా. ఆరిన్ కారు తెచ్చి దాన్ని ఎక్కించుకుని మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వెళ్ళిపోయాడు. కారు గేటు మలుపు తిరిగేదాకా చూశాను.

సాయంత్రం పట్టీలో నలభై ఒక్కరు. తలలు లెక్కపెట్టాం. వరస చివర కప్ఫర్ నా దగ్గరికి వచ్చి తన యంత్రం ముందు తనే చూపించాడు. యాభై రెండు.

నాదీ యాభై రెండే.

"పాప మొత్తంగా వెళ్ళింది," అన్నాడాయన నెమ్మదిగా. ఇన్ని వారాల్లో ఆ తేడా గురించి ఆయన అన్న మొదటి మాట అదే. తరవాత బస్సుల వైపు చూస్తూ చెప్పాడు. "ఈ మేడ మునిసిపాలిటీ తీసుకుంటోంది. రష్యా నుంచి తిరిగొస్తున్న మన జర్మన్లకి గదులిస్తారట. బాయిలరుకి నన్ను ఉండమన్నారు. పగటి పూట కింద ఆఫీసులో కూర్చోవడానికి ఒక మనిషి కావాలంటున్నారు. జీతం పెద్దగా లేదు."

"ఎవరైనా ఒప్పుకున్నారా?"

"నేనింకా ఎవరికీ చెప్పలేదు."

బస్సులు వెళ్ళాయి. నలభై ఒక్కరూ వెళ్ళారు. ఆవరణ ఖాళీ అయింది. నేనూ కప్ఫరూ కాసేపు అక్కడే నిలబడ్డాం. ఆటస్థలం వైపునుంచి గాలి రాలేదు, చప్పుడు రాలేదు. అయినా ఇద్దరం ఒకేసారి అటు చూశాం. ఇంటికి వెళ్ళే దారిలో నేను మునిసిపాలిటీ ఆఫీసు దగ్గర ఆగాను.

*

రాత్రి భోజనానికి బంగాళాదుంపల సలాడు, వేడి సాసేజీలు. ఇది ఆఖరి భోజనమని ఆరిన్ మంచి పళ్ళేలు తీయించాడు. టిక్కెట్లు చేతికొచ్చాయి కనక కొరిన్ మొహం తేటపడింది. నా భుజం మీద గడ్డం ఆనించి, "సరే, మొండిదానా. నీ పంతమే నెగ్గింది," అంది. డ్వేన్ తన కాగితాన్ని దీపానికెత్తి పట్టి చూశాడు. "ఎంత గట్టిగా కొట్టారు రోజీ, వెనక్కి దిగింది. ఇంత అపురూపమైన స్టాంపు సైన్యంలో ఎవరికీ పడి ఉండదు."

"జాగ్రత్తగా పెట్టుకో. మీ అత్తగారి ప్రేమ ఆ సైజులోనే ఉంటుంది," అన్నాడు ఆరిన్.

అందరూ నవ్వారు. ఆరిన్ కెంటకీ ఇంటి గురించి మొదలుపెట్టాడు. ముందు వైపు అరుగుకి కొత్త చెక్కలు వేయించాలట. రోజీకి వంటింట్లో కిటికీ పెద్దది చేయించాలట. జూన్ ఇరవైకి మా ఇద్దరికీ టిక్కెట్లు రేపే రాయించేస్తే మంచిదట.

"ఒక్కటే రాయించు," అన్నాను.

"ఏమిటి?"

"నేను జూన్‌లో రావడం లేదు ఆరిన్."

కొరిన్ చేతిలో గిన్నె టేబుల్ మీద పెట్టింది. డ్వేన్ ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, కాగితం మడిచాడు. కెండ్రా మాత్రం తలెత్తలేదు. సాసేజీని చిన్న చిన్న ముక్కలుగా కోసుకుంటోంది, పనంతా అయిపోయినవాళ్ళలా నింపాదిగా.

ఆరిన్ ఫోర్కు పక్కన పెట్టాడు. లెక్కల సంగతి విన్నది ఆయనొక్కడే. "ఎన్నాళ్ళు?" అన్నాడు చివరికి. గొంతులో వాదన లేదు.

"తెలీదు. మన దగ్గర చదివిన పిల్లలు పెద్దయ్యాక బడి చూసుకోడానికి వస్తుంటారు కదా. ఏటా వేసవిలో ఇద్దరో ముగ్గురో వస్తారు, పెళ్ళాం బిడ్డల్ని వెంటబెట్టుకుని. నా కొక్కెం ఇదే అని చూపిస్తారు. వీళ్ళు పదకొండు మందీ వస్తారు. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో. నాకు చెప్పి, తమ పేరు తమ చేత్తో విప్పి వెళ్తారు." సలాడు గిన్నె కొరిన్ ముందునుంచి తీసి ఆయన వైపు జరిపాను. "అప్పటిదాకా బడి వేళల్లో ఆ మేడలో ఒక మనిషి ఉండాలి. జూలై ఒకటినుంచి నేనే ఉంటానని మునిసిపాలిటీలో చెప్పి వచ్చాను."